నీళ్ళ వంతు వేరే

బిర్కత్ అల్ మౌజ్ చౌకీ దాటినంక
నాలుగు చక్రాలూ తిరిగే బండైతేనే పైకెక్కుతది.
అట్ల ఎక్కి వచ్చినోళ్ళకే ఈ ఇల్లు చూపిస్త.

చెప్పులు ఇక్కడ ఇడువుండ్రి.
తల జర వంచుండ్రి, దర్వాజ పొట్టిది.
కట్టినోడు పొట్టోడని కాదు,
వచ్చెటోడు వంగాలె అనుకున్నడు.

రెండువందల యేండ్లంటది కాయితం.
నేను వచ్చిననాడు కప్పు లేదు, మేకలున్నయ్.
పడమటి గోడకు కడుపొచ్చింది, ఇయ్యాలో రేపో అన్నట్టుండె.
రాయి రాయి విప్పినం.
ఒక్కోదాని మీద బొగ్గుతోటి అంకె ఏసి
మళ్ళ అదే రాయిని అదే తావుల కూసోబెట్టినం.
నాలుగువందల పదకొండోది దొరకలే.
వాగుల పడ్డదో, మేకలకు దొడ్డి కట్టినోడు పట్టుకపోయిండో.
ఆ ఒక్క రాయి తాండూరోడు చెక్కింది.
ఏదో చెప్పుండ్రి చూద్దాం.
చెప్పలేరు.
ఒక్కోసారి నేనే తడుముకుంట.

వీళ్ళ గచ్చును సరూజ్ అంటరు.
కాల్చిన మట్టి, సున్నం, ఓపిక.
మా తాత డంగుసున్నంల బెల్లం, కరక్కాయ పోసెటోడని చెప్తే
ఇంజనీరు ముర్తదా సాబు నవ్విండు.
నేను నవ్వలే.
ఉత్తరపు గోడకు రెండు డబ్బల ఖర్జూరప్పాకం కలిపిన.
ఆయనకు ఇప్పటికీ తెల్వది. మీరూ అనకుండ్రి.
మొన్నటి వడగండ్లకు ఆ గోడ చెమట కూడ పట్టలే.

ఇగో, ఇది ఖర్జూరాల అర్ర.
కింది ఊర్ల నుంచి గాడిదల మీద వచ్చిన బస్తాలు
ఇక్కడ ఒకదాని మీదొకటి పేరిస్తే
ఆ బరువుకే పాకం దిగి, ఈ గాడులెంట కుండల్లకు పోతుండె.
నేల వాలు చూడుండ్రి. అది మార్చలే.
మస్కట్ నుంచి వచ్చిన ఒకాయన ఇక్కడ స్నానాలగది కావాలన్నడు.
వాలు మంచిగనే ఉన్నది కద అన్నడు.

తోట ఏడు మెట్లు.
ఏప్రిల్‌ల గులాబి, ఎండలు తగ్గినంక దానిమ్మ.
గులాబిని పొద్దు పొడవకముందే తెంపాలె,
ఎండ తాకిందా, వాసన మొకం తిప్పుకుంటది.

యజమానురాలు షమ్సా బింత్ జాహిర్.
పదకొండు మంది వారసులల్ల ఒకతి.
వంటగోడలున్న గూట్ల అరచెయ్యి పెట్టి
చానసేపు నిలబడ్డది.
మేడ ఎక్కలే.
పోయేటప్పుడు పడమటి గోడ మీద ఏళ్ళు నడిపించుకుంట పోయి
ఒక్క తాన ఆగి,
"మగ్లా, ఈ రాయి మాది కాదు" అన్నది.
మొగులయ్య అనుడు ఆమెకు రాదు.
కాదమ్మా అన్న.
"ఉండనీ" అన్నది.
బండి బానెట్ మీదనే కాయితాల మీద సంతకం పెట్టింది.

ఒక సంగతి ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు.
నీళ్ళు ఈ ఇంటియి కావు.
ఇల్లు ఒక సౌదా, నీళ్ళ వంతు ఒక సౌదా.
పన్నెండు దినాలకొకసారి, ఒకటిన్నర అసర్,
అంటే ముప్పావు గంట, కాలువ ఇటు తిరుగుతది.
రాత్రయితే చుక్కను చూసి, పగలయితే నీడను చూసి.
లెక్క వకీలు హిలాల్ రిజిస్టరుల ఉంటది.
ఆ వంతు అమ్ముతరో లేదో ఆమె ఇంకా చెప్పలే.
నీళ్ళు లేకుంట తోట కొన్నోడు
మెట్లు కొన్నట్టు.

ఇంటితోటి నువ్వు కూడ వస్తవా అని
మేడమ్ నవ్వుకుంట అడుగుతున్నది.
నవ్వులాటకే అడిగింది, తెలుసు.
నా అకామా షమ్సా పేరు మీద ఉన్నది, మేడమ్.
అది మూడో సౌదా.
ఏ రిజిస్టరుల ఉన్నదో నాకూ తెల్వది.

ధర సంగతి ఆమెనే అడుగుండ్రి.
గోడ నీడ ఆ గీత మీదికొచ్చింది,
ఇయ్యాల మా వంతు.
జర పక్కకు జరుగుండ్రి,
కాలువ నోట్ల కుక్కిన గుడ్డ మూట గుంజాలె.